మలక్‌పేటలో చెప్పిన మాట

"చాయ్ తాపిండ్రు," అన్నాడు కొండల్, గడప బయటే చెప్పులు విడుస్తూ.

చామంతులు గుచ్చుతున్న పుష్పమ్మ చెయ్యి ఆగిపోయింది. నాలుగు రోజుల్లో ఇది ఐదో దుకాణం. ఐదుచోట్లా చాయే ఇచ్చారు.

"చాయ్ సంగతి ఇడిసిపెట్టు. పని సంగతి ఏమన్నరు?"

"ఏమంటరు? మంచిగ కూసోబెట్టిండ్రు. ఫ్యాను నా దిక్కు తిప్పిండ్రు. నిద్ర మంచిగ పడుతుందా చాచా అని అడిగిండ్రు. బిస్కెట్లు గూడ పెట్టిండ్రు. తిన్న, వచ్చిన."

"గంతేనా?"

"గంతే." చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. పొద్దున చేసిన ఇస్త్రీ ఇంకా నలగలేదు. "జగా లేదు పో అన్నా బాగుండు పుష్పా. తిడితే మల్ల తిట్టొచ్చు. గిట్ల మర్యాద చేస్తే ఏం జేస్తం?"

అదీ నిజమే మరి. పత్తర్‌గట్టి బట్టల దుకాణాల్లో చాయ్ కొనడానికి వచ్చిన గిరాకీకి ఇస్తారు, పెళ్ళిపత్రిక తెచ్చినవాడికి ఇస్తారు. పని అడగడానికి వచ్చినవాడికి చాయ్ ఏమిటి, చోద్యం కాకపోతే! కావాలంటే "రేపు పదింటికి రా" అంటారు, వద్దంటే "జగా లేదు భాయ్" అంటారు. ఇరవయ్యారేళ్ళు ఆ బజారులో గద్ది పరుపు మీద కూర్చుని బట్టల తాన్లు విప్పి చూపించిన మనిషికి ఈ కొత్త మర్యాద అంతు చిక్కడం లేదు.

రంజాన్ నెలపొడుపుకు ఇంక మూడు రోజులే ఉంది. బట్టల బజారుకు ఏడాది మొత్తంలో ఇదే పెద్ద సీజను. నెల కనబడడానికి ముందు పదిహేను రోజుల్లో ప్రతి దుకాణమూ కొత్త మనుషులను తీసుకుంటుంది. పనితనం నచ్చితే పండుగ తర్వాత కూడా ఉంచేసుకుంటారు. నెల కనబడిందా, అంతే సంగతులు. ఆ రద్దీలో కొత్తవాడికి ఏ తాను ఏ అరలో ఉందో చూపించే తీరిక ఎవరికుంటుంది? ఈ మూడు రోజుల్లో పని దొరక్కపోతే కొండల్ మళ్ళీ దసరా దాకా ఇంట్లో కూర్చోవాల్సిందే. యాభై రెండేళ్ళ మనిషిని దసరాకు మాత్రం ఎవరు పిలుస్తారు?

పోయిన నెల దాకా ఈ గోల లేదు. పెద్ద సేఠ్ మోకాళ్ళ నొప్పులతో మలక్‌పేటలో ఇంటిపట్టునే ఉండిపోయి, ఆయన కొడుకు గల్లా దగ్గర కూర్చున్నాక మొదలైంది. ఒకరోజు దుకాణం నిండా గిరాకీ ఉండగా చిన్న సేఠ్, "చాచా, రేపటి సంది నువ్వు బయట నిలబడి గిరాకీని పిలువు. గద్ది మీద పోరగాళ్ళను కూసోబెడ్త," అన్నాడు. కొండల్ చేతిలో కొలిచే ఇనుప గజం ఉంది. దాన్ని నేలకేసి కొట్టి వచ్చేశాడు.

ఆ బజారులో గజాన్ని నేలకు తగలనివ్వరు. పొద్దున దుకాణం తీయగానే కళ్ళకద్దుకొని చేతిలోకి తీసుకునే వస్తువది. హిందువైనా తురకైనా, సేఠ్ అయినా పనివాడైనా, అందరికీ ఒకటే లెక్క. దాన్ని విసిరినవాడికి ఆ దుకాణంలోనే కాదు, ఆ వరుసలోనే చోటు ఉండదు. పాత దుకాణం సేఠ్ మిగతావాళ్ళను పిలిచి "పోనీ, మంచి మనిషే, పెట్టుకోండి" అని ఒక మాట చెబితే తప్ప.

ఆ మాట అడగడానికి కొండల్ పోనన్నాడు. గజం విసిరిన మొహం పెట్టుకొని పెద్ద సేఠ్ ముందు ఎలా నిలబడతానన్నాడు. పట్టు పడితే వదిలే మనిషా?

"బాపు, అన్నం తిన్నంక ఒక్కసారి చూసుకుందాం," అన్నది స్రవంతి లోపలి గదిలోంచి కాగితాలు పట్టుకొని వస్తూ. "రేపటికి ఇంక మూడు దుకాణాలున్నయ్."

డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది పిల్ల. వాళ్ళ కాలేజీకి కూడా కంపెనీలు వచ్చే రోజులే ఇవి. అక్కడ సార్లు ఏం నేర్పిస్తే అది తెచ్చి తండ్రికి నేర్పిస్తోంది. రెండు పేజీల బయోడేటా కూడా తయారుచేసింది. పత్తర్‌గట్టిలో బయోడేటా ఎవరు చదువుతారే తల్లీ అంటే వినదు.

"చెప్పు బాపు. మీ గురించి చెప్పండి."

"నా గురించి ఏం జెప్పాలె బిడ్డా? ఒక తాను ఇప్పి చూపెడితే ఆళ్ళకే తెలుస్తది."

"గట్ల కాదు. అనుభవం చెప్పాలె. ముందు పని ఎందుకు ఇడిసినవని అడిగితే మంచిగ జవాబియ్యాలె."

"గజం ఇసిరిన అని చెప్త."

"బాపూ!"

"మరి అబద్ధం చెప్పుమంటవా? ఇరవయ్యారేండ్లల్ల గిరాకీకే చెప్పలే. రంగు దిగేదైతే దిగుతదనే చెప్పిన. మా చిన్న సేఠ్‌కు గదే మంట."

పుష్పమ్మకు నవ్వొచ్చింది. నెల రోజుల తర్వాత వచ్చిన నవ్వు. అన్నం తిన్నాక స్రవంతి గిన్నెలో రంగు కలిపి తండ్రి జుట్టుకు పట్టించడం మొదలుపెట్టింది. మెడ చుట్టూ పాత తువాలు కట్టుకొని, కళ్ళు మూసుకొని, బుద్ధిగా కూర్చున్నాడు కొండల్. చెవి మీద రంగు పడిందని ఒకసారి కూతురిని కసురుకున్నాడు కూడా. వాళ్ళిద్దరినీ చూస్తుంటే ఆమెకు కడుపు నిండినట్టయింది.

పైగా ఆమెకు లోపల ఒక ధైర్యం ఉంది. ఆ ధైర్యం సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

పోయిన శుక్రవారం, గుడిమల్కాపూర్ నుంచి పూలు తేవడానికి పోతున్నానని చెప్పి, పుష్పమ్మ మలక్‌పేట పోయింది. పెద్ద సేఠ్ ఇంటి ఆడవాళ్ళకు గులాబీలు పట్టుకుపోయి, ముసలాయన ముందు నిలబడి ఏడ్చింది. ఏం చెప్పాలో దారి పొడుగునా ఆలోచించుకొనే పోయింది. కోపంతో విసిరాడంటే క్షమించరు. పొగరన్నది ఏ సేఠూ ఓర్చుకోడు. అదే జబ్బంటే? జబ్బు మనిషి మీద ఎవరికి కోపముంటుంది? వాడకట్టులో ఎవరికి ఏ కష్టమొచ్చినా "పానం మంచిగ లేదు" అంటే చాలు, అందరూ నెమ్మదిస్తారు.

అందుకే చెప్పింది. "ఆయన తల మంచిగ లేదు సేఠ్ సాబ్. ఆర్నెల్ల సంది గిట్లనే ఉన్నది. ఏం జేస్తున్నడో ఆయనకే ఎరుక లేదు. గజం ఇసిరింది ఆయన కాదు, గా బీమారి ఇసిరింది. జెర మాఫ్ చేసి బజార్ల ఒక మాట చెప్పుండ్రి."

పెద్ద సేఠ్ కళ్ళు తుడుచుకున్నాడు. అందరికీ చెబుతానన్నాడు. ఆ మాట పట్టుకొనే ఆమె నాలుగు రోజులుగా నిబ్బరంగా ఉంది. రేపో మాపో ఎవరో ఒకరు రమ్మంటారు. రమ్మన్నాక ఈ అబద్ధం ఎవరికి గుర్తుంటుంది?

"వదినా! ఉన్నరా ఇంట్ల?"

వాకిట్లో మల్లన్న. పాత దుకాణంలో కొండల్ పక్క గద్ది మీద కూర్చునే మనిషి. మధ్యాహ్నం అన్నం వేళ చూసుకొని గౌలిపురాలో వీళ్ళ ఇంటి దాకా వచ్చినట్టున్నాడు. చేతిలో సంచి, సంచి నిండా మోసంబీలు, పైన రెండు కొబ్బరి బోండాలు.

"గివన్ని ఎందుకు మల్లన్నా? సుట్టానివా?"

మల్లన్న లోపలికి రాలేదు. మెడ చాచి గదిలోకి చూశాడు. తల నిండా నల్లరంగుతో, ముఖం గోడవైపు పెట్టుకొని కొండల్ కూర్చున్నాడు. "ఇరవయ్యారు సంవత్సరముల అనుభవము కలదు," అని, కూతురు పక్కన లేకపోయినా ఆమె నేర్పినట్టే గట్టిగా వల్లిస్తున్నాడు.

మల్లన్న ముఖం వాడిపోయింది.

"గిట్ల ఎంతసేపు మాట్లాడుకుంటడు వదినా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏంది?"

"అన్న. గోడతోని." కొబ్బరి బోండాలు ఆమె చేతిలో పెట్టాడు. "మందులు ఏస్తున్నడా? నిద్ర గోలీలు ఇచ్చిండ్రా? పెద్ద సేఠ్ ఫోన్ చేసి చెప్పినంక మాకందరికి మస్తు బాధైంది. పక్కపొంటి కూసున్న నాకే ఎరుక కాలే సూడు. చిన్న సేఠ్ గూడ ఏడిసిండు తెలుసా? ముందే ఎరుకైతే నేను గట్ల అనకపోతుంటి అన్నడు."

పుష్పమ్మ చేతిలోని బోండాలు గడప మీద పెట్టింది. 

"సేఠ్ అందరికి చెప్పిండా?"

"ఒక్కరిని ఇడిసిపెట్టలే. చార్మినార్ కాడి నుంచి మదీనా చౌరస్తా దాకా అందరికి. పాపం, మంచి మనిషి." మల్లన్న కళ్ళొత్తుకున్నాడు. "అన్నను ఎక్కువ తిరగనియ్యకు వదినా. బజార్ల తిరిగితే తల ఇంక ఖరాబైతది. నేను ఇప్పుడు పలకరియ్య, ఊకె పరేషాన్ అయితడు. జెర నిమ్మళమైనంక వస్త."

వెళ్ళిపోయాడు. సంచి వాకిట్లోనే ఉంది.

"ఎవరే వచ్చింది?" కొండల్ లోపల్నుంచి కేకేశాడు.

"ఎవరు లేరు. పూలకొచ్చిండ్రు."

అయితే స్రవంతి తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఏమో, చేతికి నల్లరంగు అంటుకొని అలాగే ఉంది. తల్లి చెయ్యి పట్టుకొని వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఏం జేసినవమ్మా?"

"మెల్లగ."

"ఏం జేసినవ్?"

చెప్పక తప్పలేదు. రెండు ముక్కల్లో చెప్పింది. చెబుతుంటే తన చెవులకే ఆ మాటలు అసహ్యంగా వినిపించాయి. మలక్‌పేటలో చెప్పినప్పుడు అలా వినిపించలేదు.

 పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారినా ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"నేను బయోడేట రాసిన," అన్నది స్రవంతి చివరికి. "జుట్టుకు రంగేసిన. ఇంగ్లిష్ల నాలుగు మాటలు నేర్పిచ్చిన. నువ్వేమో ఆయన పిచ్చోడని బజారంత చెప్పొచ్చినవ్."

"పిచ్చోడని నేననలే! బీమారి అన్న. గంతే."

"తల మంచిగ లేదంటే ఏందమ్మా మరి?"

"మాఫ్ చేస్తరనుకున్న."

"మాఫ్ చేసిండ్రు గదా. చాయ్ తాపి మరీ మాఫ్ చేసిండ్రు." పిల్ల పొయ్యి ఆర్పింది. "నీ పెనిమిటి ఏం తప్పు చేసిండని మాఫీ? దుకాణం బయట నిలబడి అరువుమంటే కోపం రాదా మనిషికి? ఆయనది రోషమమ్మా. దాన్ని నువ్వు బీమారి చేసినవ్."

"ఓసి, నాతోని లొల్లి చెయ్యకే. నీ బాపును దసరా దాకా ఇంట్ల ఊకె కూసుండనిస్తే బతుకుతడా? గందుకే పోయిన. నాకేం సరదానా ఆ ముసలాయన ముందట ఏడ్వనీకి?"

"ఇప్పుడే పోయి బాపుకు చెప్పు."

"చెప్తే సస్తడు."

"చెప్పకుంటే?"

 పుష్పమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను మల్ల మలక్‌పేట పోత. అబద్ధం చెప్పిన అని సేఠ్ కాళ్ళు పట్టుకుంట. ఆయన ఇంకొకసారి అందరికి ఫోన్ చేస్తే అయిపాయె. పొద్దుమూకెవరకు వస్త. నువ్వు నోరు తెరువకు. నా మీద ఒట్టు."

స్రవంతి ఒట్టు వేయలేదు, వద్దనీ అనలేదు.

నాలుగింటికి కొండల్ తలస్నానం చేసి, నల్లటి జుట్టు దువ్వుకొని, ఇంకో దుకాణం ఇవాళే చూసివస్తానని బయల్దేరాడు. రేపటి దాకా ఆగమంటే ఆగలేదు. అద్దంలో చూసుకొని, "పదేండ్లు తగ్గిన గదా?" అని భార్యను అడిగాడు. పదిహేనేళ్ళు తగ్గావంది ఆమె. ఆయన గల్లీ మలుపు తిరగ్గానే ఆమె ఆటో ఎక్కింది.

పెద్ద సేఠ్ మంచం మీద కాళ్ళు చాపుకొని ఉన్నాడు. మోకాళ్ళకు నూనె పట్టించినట్టుంది, గది అంతా అదే వాసన. పుష్పమ్మను చూడగానే కుర్చీ వేయించాడు.

"ఆవో బహెన్. కొండల్ ఎట్లున్నడు?"

"మంచిగున్నడు సేఠ్ సాబ్. ఎప్పుడైనా మంచిగనే ఉన్నడు. నేను పోయినసారి చెప్పింది అబద్ధం. ఆయనకు ఏ బీమారీ లేదు."

ముసలాయన ఆమెను కాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపముంటే ఎంత బాగుండేదో అనిపించింది ఆమెకు.

"ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరు అనలే. నిజం చెప్తున్న. ఆయన కోపంతోనే ఇసిరిండు. మీరు మాఫ్ చెయ్యరని నేనే కథ చెప్పిన."

"బహెన్, షరమ్, సిగ్గు ఎందుకు దీంట్ల?" ఆయన గొంతు తగ్గించాడు. "మా తమ్ముడికి గూడ గిట్లనే అయింది. మా అమ్మీ నువ్వు చెప్పినట్టే చెప్తుండె. కుఛ్ నై హువా, కుఛ్ నై హువా. ఏం కాలేదు అనుకుంటనే రెండేండ్లు దాసిపెట్టినం. డాక్టర్ కాడికి తీసుకపోయేసరికి లేటైపోయింది. నువ్వు గట్ల చెయ్యకు."

"నేను దాస్తలేను సేఠ్ సాబ్! దేవుని మీద ఒట్టు. నేను అబద్ధం చెప్పిన!"

"ఆ దినం ఈ గదిలనే ఏడ్చినవ్. మా ఇంట్ల ఆడోళ్ళు గూడ నీతోని ఏడ్చిండ్రు. అబద్ధం చెప్పేటోళ్ళు గట్ల ఏడుస్తరా?"

 ఆ ఏడుపు అబద్ధం కాదు. ఇరవయ్యారేళ్ళ పని పోయిన మొగుడి కోసం ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ఆ నిజమే ఆమె నోటిని కట్టేసింది.

"నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడు సేఠ్. "ఒక్కొక్కరికి ఫోన్ చేసి నేనే చెప్పిన. కొండల్ వస్తే ఎవ్వరు గట్టిగ మాట్లాడొద్దు, కూసోబెట్టి చాయ్ తాపుండ్రి, ఖాళీ చేతులతోని పంపినా మనసు నొప్పియ్యకుండ్రి అని. వాడు నాకు తమ్ముడు లెక్క. ఇరవయ్యారేండ్లు నా గద్ది మీద కూసున్నడు. నా కొడుకుది తప్పు, వానికి బుద్ధి లేదు. ఒక దోస్తుతోని మాట్లాడి పెట్టిన. గోదాంల కూసోని తాన్లు మడత పెట్టే పని. గిరాకీ లొల్లి ఉండది, గజం పట్టుకునే పని ఉండది. తల మీద భారం లేకుంట."

పుష్పమ్మ లేచి ఆయన కాళ్ళు పట్టుకుంది. నూనె అంటుకొని చేతులు జారాయి. ముసలాయన కంగారుపడి వద్దు వద్దన్నాడు. తన గొప్పతనానికి దండం పెడుతోందనుకున్నాడు. ఆయన కళ్ళలో మళ్ళీ నీళ్ళు తిరిగాయి. ఇంత మంచి మనిషిని ఆమె జీవితంలో చూడలేదు, ఇంత కోపమూ ఇంకెవరి మీదా ఎప్పుడూ రాలేదు. ఆ కోపం అసలు ఎవరి మీద రావాలో తెలుసు కాబట్టి మాట్లాడకుండా బయటికి వచ్చేసింది.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. కొండల్ అప్పటికే వచ్చి, చొక్కా విప్పకుండానే చాప మీద కూర్చున్నాడు. స్రవంతి వంటింటి గడప దగ్గర ఉంది. తల్లి ముఖం చూసి ఏమైందో అర్థం చేసుకున్నట్టుంది, కళ్ళు దించుకుంది.

"ఏడికి పోయినవ్?" అన్నాడు కొండల్. అడిగాడే కాని జవాబు కోసం ఆగలేదు. "పని దొరికింది."

"దొరికిందా?"

"గోదాంల. తాన్లు మడత పెట్టుమన్నరు. రేపటి సంది రమ్మన్నరు." తలెత్తలేదు. "నేను గద్ది మీదికి ఎక్కిన పుష్పా. ఎప్పటి లెక్క కాళ్ళు కడుక్కొని ఎక్కిన. తాను ఇప్పి చూపెడదామని గజం పట్టుకోబోయిన. గా సేఠ్ మెల్లగ గజం పక్కకు జరిపిండు. పిల్లగాని ముందటి నుంచి కత్తి జరుపుతం సూడు, గట్ల."

"పోనీయ్. ఆయనకు తెల్వదు."

"నాకు పదేండ్ల సంది ఎరుక ఆయన. నా చెయ్యి ఎసొంటిదో తెలుసు ఆయనకు." కొండల్ తన అరచేయి తిప్పి చూసుకున్నాడు. "నేను మంచిగనే ఉన్న సేఠ్ అన్న. హా హా, మంచిగనే ఉన్నవ్ చాచా, అన్నరు అందరు. ఎట్లన్నరో ఎరుకనా? మా నాయనమ్మకు ఆఖరి దినాలల్ల మేం గట్లనే చెప్తుంటిమి."

పుష్పమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి తీసుకుంది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కొడితే కొట్టనీ, ఇల్లు విడిచిపొమ్మంటే పోతాను. ఆ మాట గొంతు దాకా వచ్చింది.

"పుష్పా, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పు."

"అడుగు."

"నాకేమన్న అయిందా?"

"ఏందయ్యా గా మాట?"

"కాదు, విను. గజం ఇసిరింది నాకు మంచిగ యాది లేదు. కోపమొచ్చింది, గంతే యాదికున్నది. చెయ్యి ఎట్ల లేసిందో, ఎట్ల ఇసిరిన్నో ఎంత తండ్లాడినా యాదికి వస్తలేదు. పొద్దుగాల లేస్తే కండ్లకద్దుకునే చెయ్యి గదా ఇది. ఇదెట్ల చేసింది గా పని? తల మంచిగున్నోడు చేస్తడా?"

"కోపం వస్తే ఎవరైనా చేస్తరు."

"ఎవరు చేసిండ్రు? గా బజార్ల గజం నేలకేసి కొట్టినోడు ఒక్కడున్నడా నేను తప్ప?" ఆయన చాప మీద ముందుకు జరిగాడు. "ఒక్కరు ఊకె అంటరు. ఇద్దరు ఊకె అంటరు. ఆరు దుకాణాలోళ్ళు నిద్ర పడుతుందా, నిద్ర పడుతుందా అని ఎందుకడుగుతరు? నాలో ఏదో కనబడుతున్నది ఆళ్ళకు. నాకు కనబడ్తలేదు. నాకు తెల్వకుండ ఏమన్న మాట్లాడుతున్ననా? నిద్రల లేసి తిరుగుతున్ననా? ఇంట్ల చూసేదానివి నువ్వే గదా."

"బాపు," అన్నది స్రవంతి. ముందుకు రెండడుగులు వేసి, తల్లి వైపు చూసి ఆగింది. "అమ్మా. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

కొండల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖంలో రక్తం లేదు.

"అంటే ఉన్నది," అన్నాడు మెల్లగా. "మీ ఇద్దరికి ముందే ఎరుక."

"అట్ల కాదు బాపు..."

"దాయకుండ్రి బిడ్డా. నేను బాధపడుతనని దాసిండ్రు, నాకు సమజైంది." ఆయన పుష్పమ్మ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆశ్చర్యం, ఆయన కళ్ళలో భయం తగ్గి ఏదో నెమ్మది వచ్చింది. నాలుగు రోజులుగా అర్థం కాని లెక్క ఇప్పుడు తేలినట్టుంది. "రేపు దవాఖానకు పోదాం పుష్పా. నువ్వు నాతోని రావాలె. డాక్టర్ ఏమన్న అడిగితే నువ్వే చెప్పు. నేను మంచిగున్న అంటే ఎవరు నమ్ముతలేరు. నువ్వు చెప్తే నమ్ముతరు."

పుష్పమ్మ నోరు తెరిచింది. మలక్‌పేటలో మూడుసార్లు నిజం చెబితే ఆ ముసలాయన నమ్మలేదు. ఇప్పుడు ఈయనకు చెబితే? నమ్మితే ఈ చెయ్యి మళ్ళీ తన చెయ్యి పట్టుకోదు. నమ్మకపోతే, రోగం దాచడానికి అబద్ధమాడుతోందని ఈయనా అంటాడు. రెంటిలో ఏది ఎక్కువ భయమో ఆమెకే తెలియలేదు.

"పోదాం," అన్నది.

"అమ్మా! ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు!" స్రవంతి అరిచింది. "ఇంక రెండు దుకాణాలున్నయ్ బాపు. నెలపొడుపుకు టైమున్నది. రేపు పోవాలె మనం..."

"అమ్మను ఏమనకు బిడ్డా," అన్నాడు కొండల్. "నా గురించి ఆమెకంటె ఎక్కువ ఎవరికి ఎరుక?"

లేచి చొక్కా విప్పి, విదిలించి, మేకుకు తగిలించాడు. రేపటికి ఇదే వేసుకుంటానన్నాడు. వంటింట్లోకి పోతూ మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"పొద్దున ఏడింటికే దవాఖానల చీటీలు రాస్తరట పుష్పా. జెర జల్ది లేపు."